నలభై ఒకటో నంబరు మనిషి

పదకొండేళ్ళ పాటు నా రిజిస్టరులో ఒక్క కొట్టివేత కూడా లేదు. గొప్ప కోసం చెప్పడం లేదు. ఉన్న నిజాన్ని దాచుకోవడం మంచివాళ్ళ లక్షణం కాదు కాబట్టి చెబుతున్నాను. నాలుగు లావుపాటి పుస్తకాలు, ఏ పేజీ తిప్పినా ముత్యాల్లాంటి అక్షరాలు. ఏ బడీ నాకు ఈ రాత నేర్పలేదు. మందు సీసాల మీది చీటీలూ, దుకాణాల బోర్డులూ చూసి నాకు నేనే దిద్దుకున్నాను. నన్ను తయారు చేసుకున్నది నేనే కాబట్టి మెచ్చుకునే పని కూడా నేనే చూసుకుంటూ ఉంటాను. ఇంకొకళ్ళకి ఆ శ్రమ ఎందుకు?

నా పని పాత ఫొటోల కింద పేర్లు రాయడం. ఊరి చివర సైనిక శిక్షణ శిబిరం ఒకటి ఉండేది. దాన్ని పడగొట్టినప్పుడు ఒక ఇనప్పెట్టె బయటపడింది. నిండా ఫొటోలు. డెబ్బై రెండేళ్ళ కిందటి యుద్ధానికి పంపబోయే ముందు కుర్రాళ్ళని వరసలుగా నిలబెట్టి తీసినవి. ముప్పై నాలుగు ఫొటోలు, ఒక్కో దాంట్లో నలభైకి తక్కువ కాకుండా తలకాయలు, ఒక్క తలకాయకీ పేరు లేదు. పేర్లున్న పుస్తకాన్ని మనకంటే ముందు చెదలు చదివేశాయి. అందుకని రికార్డాఫీసు మేడ మీద ఒక గది చూసి, అందులో ఒక పొడవాటి బల్లనీ, నాలుగు భూతద్దాలనీ, నన్నూ పెట్టారు. సోమ, గురువారాల్లో ఆ సైనికుల ఇళ్ళవాళ్ళు వచ్చి తమ మనిషిని వెతుక్కుంటారు.

పద్ధతి తేలికే. ఫొటో మీద పల్చటి కాగితం పరుస్తాం. ఒక్కో తలకాయ చుట్టూ దాని మీద గీత గీసి నంబరు వేసి ఉంటుంది. వచ్చినవాళ్ళు భూతద్దంతో వెతికి, "ఇరవై రెండు మా చిన్నాన్న" అంటారు. ఏమవుతాడో చెప్పాలి, పేరు నోటితో పలకాలి. నేను రిజిస్టరులో నీలం సిరాతో ఎక్కించి, ఫొటో కింది అట్ట మీద తెల్ల సిరాతో రాస్తాను. పేరు సరైనదైతే ఆ మనిషి విశ్రాంతిగా నిలబడతాడు. డెబ్బై రెండేళ్ళుగా మడమలు కలిపి, పిడికిళ్ళు తొడలకి ఆనించి, గడ్డం పైకెత్తి అటెన్షన్‌లో ఉన్నవాడు, ఎడమ కాలు జానెడు పక్కకి జరిపి, చేతులు వెనక్కి కట్టుకుని, భుజాలు దించుతాడు. బూటు నేలకి తగిలిన చప్పుడు సన్నగా వినబడుతుంది. "ఆ, జరిగాడు" అని వాచ్‌మన్ సంతకాల పుస్తకం తెస్తాడు. ఇంటివాళ్ళు కళ్ళు తుడుచుకుని సంతకం పెట్టి, బస్సు వేళైపోతోందని వెళ్ళిపోతారు.

వాచ్‌మన్ ఒకప్పుడు సైన్యంలో కొత్తవాళ్ళకి డ్రిల్లు నేర్పినవాడు. అందరూ డ్రిల్లు మాస్టారు అంటారు. నన్ను గురువుగారూ అని పిలుస్తాడు. అందులో గౌరవం ఎంతో, వెటకారం ఎంతో ఇన్నేళ్ళలో నాకు తేలలేదు.

రూలు ఒకటుంది. పేరు రాసిన మూడు రోజుల్లో మనిషి జరగకపోతే ఆ పేరు కొట్టేసి, ఇంటివాళ్ళకి కబురు పెట్టాలి. నాకు ఆ అవసరం రాలేదు. పూర్తి నమ్మకం కుదిరేదాకా కలం మూత తీసేవాణ్ణి కాదు. ఎంత జాగ్రత్తపరుడో అనుకునేవారు అందరూ. అనుకోనిచ్చాను.

ఇంతలో బేకరీ వాళ్ళు వచ్చారు. యజమాని, ఇద్దరు కొడుకులు, ఒక అల్లుడు. అల్లుణ్ణి మినహాయిస్తే మిగతా మూడు తలలూ బల్ల మీది దీపం వెలుగులో నిగనిగలాడుతున్నాయి. ఈ పనిలో నేను గమనించిందేమంటే, జనం ఫొటోలో వెతికేది పోయినవాణ్ణి కాదు, ఇంట్లో ఉన్నవాళ్ళ పోలికని. అన్నయ్య ముక్కు, బాబు చెవులు అనుకుంటూ వెతుకుతారు. బేకరీ యజమాని పంతొమ్మిదో ఫొటోలో చివరి వరస చివరి మనిషి మీద వేలు పెట్టాడు.

"నలభై ఒకటి. మా పెదనాన్న. ఇంక వెతకక్కర్లేదు."

"ఎలా గుర్తుపట్టారు?" అన్నాను.

"చూడండి ఆ తల! మా వంశంలో మగాళ్ళకి జుట్టు నిలవదండీ." ఆ చెప్పడంలో పొలాలూ, మేడలూ వారసత్వంగా వచ్చినవాడి ధీమా ఉంది. కొడుకులిద్దరూ తలలు తడుముకుని అవునన్నారు.

నేను భూతద్దం పెట్టి చూసి, పెద్ద పండితుడిలా "వంశలక్షణం" అన్నాను. కానీ కలం మూత తియ్యలేదు. ఇరవై ఏళ్ళకే అంత నున్నటి బట్టతలా అని లోపల ఎక్కడో గీరుకుంది. అప్పుడు యజమాని నా రిజిస్టరులోకి తొంగిచూసి, "ఏం రాతండీ ఇది! అచ్చేసినట్టుంది. మా బేకరీ బోర్డు మీ చేతే రాయించాలి," అన్నాడు.

కలం మూత దానంతటదే ఊడివచ్చింది.

రాశాను. మనిషి జరగలేదు. "కొందరు కాస్త టైము తీసుకుంటారు" అని పంపేశాను. మూడు రోజులయింది, పదయింది. బేకరీకి నేను రాసిన బోర్డు ఎక్కింది. నలభై ఒకటో మనిషి మాత్రం గడ్డం పైకెత్తి అలాగే ఉన్నాడు. ఆ కాళ్ళు కనబడకుండా ఉండాలని, ఫొటో అంచు చుట్టుకుపోకుండా అనే వంకతో సరిగ్గా అతని కాళ్ళ మీద సిరాబుడ్డి పెట్టడం మొదలుపెట్టాను. రెండు నెలలు అలాగే గడిచాయి.

ఆ తరవాత ఒక గురువారం పొద్దున ఒక పెద్దావిడ, ఆవిడ కూతురూ వచ్చారు. పెద్దావిడకి ఎనభై ఉంటాయి. కూతురు బట్టలు కుట్టే మనిషి. మెళ్ళో టేపు తియ్యడం మరిచిపోయి అలాగే వచ్చేసింది. తల్లిని బల్ల ముందు కూర్చోబెట్టి నన్ను కిటికీ దగ్గరికి పిలిచింది.

"సార్, మా అమ్మకి కళ్ళకి నీటికాసులు. ఒక కన్ను పోయింది. రెండోదానికి ఈ నెలలో ఆపరేషన్ చెయ్యకపోతే అదీ పోతుందన్నాడు డాక్టరు. చేయించుకోనంటోంది."

"భయమా?"

"భయమా? మా అమ్మకా? పన్ను పీకించుకుని అక్కణ్ణుంచి అలాగే సంతకెళ్ళిన మనిషి. ఏం అడిగినా, నాకు కళ్ళెందుకే అంటుంది. చివరికి మొన్న, మా అన్న ఫొటో దొరికితే అప్పుడు ఆలోచిస్తానంది. యుద్ధానికెళ్ళి తిరిగిరాని మేనమామ ఒకడున్నాడు మాకు. దొరక్కపోతే ఇంక ఆ ఊసెత్తొద్దని నాతో ఒట్టేయించుకుంది. కాస్త చూడండి సార్."

"కూతుళ్ళు ఇలాగే గుసగుసలాడతారు," అంది పెద్దావిడ బల్ల దగ్గర్నుంచి. "కన్ను పోయింది గానీ చెవులున్నాయే. రా, ఈ అద్దం పట్టుకో."

ఉన్న ఒక్క కన్నుతోనూ ఆవిడకి గొట్టంలోంచి చూసినట్టే కనిపిస్తుందిట, చుట్టూ అంతా చీకటి. అందుకని ఒక్కో తలకాయనీ విడిగా, సంతలో కొబ్బరికాయల్ని చూసినట్టు చూసుకుంటూ పోయింది. వీడు కాదు. వీడు కాదు. వీడెవడో గానీ పాపం, ముక్కు ఎవరో గుద్దారు. మధ్యాహ్నం అయ్యేసరికి పద్దెనిమిది ఫొటోలు అయిపోయాయి. పంతొమ్మిదోది ముందుకి జరిపాను. సిరాబుడ్డిని మాత్రం జరపలేదు.

చివరి వరస చివరికి వచ్చి ఆవిడ ఆగిపోయింది. భూతద్దాన్ని ఇంకాస్త దగ్గరికి జరిపింది.

"ఈ మనిషి," అంది పెద్దావిడ. "నంబరెంత?"

"నలభై ఒకటి," అన్నాను. "ఆయనకి ఇంటివాళ్ళు దొరికారమ్మా. బేకరీ వాళ్ళ పెదనాన్న. రిజిస్టరులో ఎక్కేసింది."

"ఎక్కిందా?" అంది. "అయితే కాళ్ళు జరిపాడా, నాయనా?"

నేను సిరాబుడ్డి వంక చూశాను. తరవాత నాలుగు రిజిస్టర్ల వంక చూశాను. ఎంత శుభ్రంగా ఉన్నాయో!

"జరిపారమ్మా," అన్నాను.

"అయితే మా వాడు కాదు," అంది ఆవిడ, భూతద్దాన్ని బోర్లించి పెడుతూ. మిగిలిన ఫొటోలు చూడనంది. "వాడు నాకు దొరకడులే. నాకు ముందే తెలుసు. ఏమే, లే. ఒట్టు గుర్తుందిగా?"

కూతురు మెళ్ళో టేపుని అప్పుడే చూసుకున్నట్టు తీసి చుట్టి సంచిలో పెట్టుకుంది. ఇద్దరూ మెట్లు దిగడం మొదలుపెట్టారు.

డ్రిల్లు మాస్టారు తలుపు దగ్గర్నుంచి వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు.

"గురువుగారూ, ఆ సిరాబుడ్డి తీస్తారా?"

"ఎందుకు?"

"రెండు నెలల్నుంచి ఆ కుర్రాడి కాళ్ళ మీద పెడుతున్నారు. బరువుండదూ?"

తీశాను. కింద నీలంగా గుండ్రటి మరక పడింది. ఆ మరకలో రెండు మడమలు, ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. అతని చొక్కా చంకల కింద తడిసిపోయి ఉంది. నేను పేరు రాసిన రోజున ఆ తడి లేదు.

పెద్దావిడ ఒక్కో మెట్టుకీ రెండు కాళ్ళూ ఆనించుకుని దిగుతుంది. ఆవిడ సగం మెట్లు దిగడానికి పట్టినంత సేపూ నేను పిరికితనానికి వాడుకున్నాను. డ్రిల్లు మాస్టారు నా వైపే చూస్తున్నాడు. చివరికి మెట్ల పైన నిలబడి, వాళ్ళ వీపులు చూస్తూ అన్నాను:

"అమ్మా, ఆగండి. ఆ మనిషి కాళ్ళు జరపలేదు. అబద్ధం చెప్పాను."

కూతురు వెనక్కి తిరిగింది. "ఎందుకు?"

"రిజిస్టరు..."

"రిజిస్టరుకేమైంది?"

"పాడవుతుందని."

గుడ్డని తప్పు కొలతకి కత్తిరించేసిన పనివాణ్ణి చూసినట్టు చూసింది నన్ను. తిట్టి ఉంటే బాగుండేది. తల్లి చెయ్యి పట్టుకుని మెట్లన్నీ మళ్ళీ ఎక్కించింది.

"బట్టతల చూసి రాశానమ్మా," అన్నాను ఆవిడ కూర్చున్నాక. "వాళ్ళ వంశంలో అందరికీ..."

"బట్టతలేంటయ్యా, ఇరవై ఏళ్ళ కుర్రాడికి! గుండు గీశారు వాడికి. చెవి పైన గాటు చూడు. గీసిన మంగలెవడో పని వచ్చినవాడు కాదు."

భూతద్దం పెట్టి చూశాను. గాటు ఉంది. పదకొండేళ్ళుగా తలకాయలు చూస్తున్నవాణ్ణి, బట్టతలకీ గుండుకీ తేడా తెలియలేదు నాకు.

రిజిస్టరు తెరిచాను. బేకరీ వాళ్ళ పెదనాన్న పేరు మీద గీత గీశాను. గీత వంకరపోయింది, చివర ఒక బొట్టు కూడా పడింది. పేజీ మొత్తంలో ముందు ఆ బొట్టే కనబడుతోంది.

"పేరు చెప్పండమ్మా."

ఆవిడ తన అన్న పేరు చెప్పింది. ఎవరూ ఆ పేరుతో పిలిచేవాళ్ళు కాదనీ, ఒక చోట నిలవడు కాబట్టి ఇంట్లో అందరూ కందిరీగ అనేవాళ్ళనీ చెప్పింది. అసలు పేరు రాశాను. పక్కన కందిరీగ అని కూడా రాశాను. నలుగురం ఫొటో మీదికి వంగాం.

అతను కదల్లేదు.

నిమిషం అయింది. ఐదు నిమిషాలయింది. కూతురు గోళ్ళు కొరుక్కుంటోంది. నేను నెమ్మదిగా, "ఒకవేళ ఈయన కూడా కాదేమో..." అన్నాను.

"వాడే," అంది పెద్దావిడ. ఏడవడం లేదు. ముందే తెలిసిన తీర్పు విన్నట్టుంది. "వాడే. నేను పిలిస్తే కదలడు. న్యాయమే. పదవే, పోదాం."

"ఏం న్యాయం? ఎవరికి న్యాయం?" అని కూతురు ఆవిడ చెయ్యి పట్టుకుని లాగింది. "కూర్చో నువ్వు. ఎప్పుడూ అర్థం కాకుండా మాట్లాడతావ్."

డ్రిల్లు మాస్టారు జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని ఫొటోకి ముక్కు ఆనించాడు.

"గురువుగారూ, మిగతావాళ్ళ నడుములు చూడండి. ఇతని నడుము చూడండి."

చూశాం. అందరికీ బెల్టులున్నాయి. నలభై ఒకటో మనిషికి లేదు.

"బెల్టు తీసేశారంటే శిక్షలో ఉన్నాడన్నమాట. చెప్పకుండా ఇంటికి పారిపోయి పట్టుబడ్డవాడికే గుండు గీసి, బెల్టు లాగేసుకుని, వరస చివర నిలబెడతారు. శిక్షలో ఉన్నవాడు పేరు పెట్టి పిలిచినంత మాత్రాన కదలడు. శిక్ష ఎత్తేశామని చెప్పాలి."

"ఎవరు చెప్పాలి?" అంది కూతురు.

"వేసిన ఆఫీసరు. ఆయన ఎప్పుడో పోయి ఉంటాడు. లేకపోతే పట్టిచ్చినవాళ్ళు వచ్చి, ఇచ్చిన ఫిర్యాదు వాపసు తీసుకోవాలి. మా రోజుల్లోనూ అంతే."

"డెబ్బై రెండేళ్ళయింది మాస్టారూ," అన్నాను. "ఆ పట్టిచ్చిన మనిషి ఏమయ్యాడో, ఎక్కడున్నాడో..."

"ఇక్కడే ఉంది," అంది పెద్దావిడ.

ఆవిడ కూతురి వంక చూడకుండా బల్ల చెక్కతో మాట్లాడుతున్నట్టు మొదలుపెట్టింది.

"నాకు ఎనిమిదేళ్ళు. వాడు శిబిరంలోంచి పారిపోయి ఇంటికొచ్చాడు. మా అమ్మ అటక మీద దాచిపెట్టి అన్నం పైకి అందించేది. నాలుగో రోజో, ఐదో రోజో. వీధిలో ఆడుకుంటున్నాం. ఒక పిల్ల, మీ అన్నకి సైన్యంలో ఉద్యోగం అంతా ఉత్తదే, మీ అమ్మ కోతలు కోస్తోంది అంది. అప్పుడే ఇద్దరు సైనికులు వచ్చి, పాపా, ఈ వీధిలో మాలాంటి బట్టలేసుకున్న అన్నయ్య ఎవరైనా ఉన్నాడా అని అడిగారు. మంచిగానే అడిగారు. ఒకడు తన టోపీ తీసి నా నెత్తిన పెట్టాడు. ఆ పిల్లలందరూ చూస్తున్నారు."

కూతురు ఆవిడ పక్కన నేల మీద కూర్చుండిపోయింది.

"ఉన్నాడు, మా అన్నే, రండి చూపిస్తానన్నాను. ఆ టోపీ పెట్టుకుని వాళ్ళ ముందు నడిచాను. కళ్ళ మీదికి జారిపోతుంటే ఎత్తి పట్టుకుంటూ మరీ నడిచాను. ఇంట్లోకెళ్ళి ఈ వేలితో అటక చూపించాను. వాడు నిచ్చెన దిగుతూ నన్నూ, నా నెత్తి మీద టోపీనీ చూశాడు. ఏమీ అనలేదు. తరవాత ఒకే ఒక్క ఉత్తరం రాశాడు. గుండు గీశారు, చెల్లికి చెప్పకండి, నవ్వుతుంది అని. అంతే, మళ్ళీ రాలేదు."

"అమ్మమ్మకి తెలుసా?" అంది కూతురు.

"ఎవరికీ తెలియదు. అప్పుడు అమ్మ నీళ్ళకెళ్ళింది, చూసిన పిల్లలు భయపడి చెప్పలేదు. పక్కింటావిడే చెప్పిందనుకుంది మా అమ్మ. ముప్పై ఏళ్ళు, చచ్చిపోయేదాకా, ఆవిడ మొహం చూడలేదు. మధ్య గోడ కూడా ఎత్తు లేపించింది. నేను ఆ గోడకి ఇటుకలు అందించాను. నాకు కళ్ళెందుకే అని ఎందుకంటానో ఇప్పుడు అర్థమైందా నీకు?"

కూతురు ఆవిడ మోకాలి మీద తల పెట్టుకుంది. "ఎనిమిదేళ్ళే కదమ్మా," అంది.

"ఎనిమిదేళ్ళప్పుడు చేశాను. దాచింది డెబ్బై రెండేళ్ళు. లెక్క నాకు వచ్చులే."

డ్రిల్లు మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "లేచి నిలబడి చెప్పాలమ్మా. కూర్చుని చెబితే చెల్లదు."

ఆవిడ బల్ల పట్టుకుని లేచింది. కూతురు ఆసరా ఇవ్వబోతే వద్దంది. భూతద్దం తీసుకుని ఒక్క కన్నుతో అతన్ని వెతికి పట్టుకుంది.

"కందిరీగన్నా, నేనే చూపించాను. పక్కింటావిడ కాదు. నేనే. టోపీ ఇచ్చారని చూపించాను. ఆ ఫిర్యాదు వాపసు తీసుకుంటున్నాను. శిక్ష అయిపోయింది. కాళ్ళు జరుపుకో."

ముందు చేతులు కదిలాయి. పిడికిళ్ళు విడ్డాయి. కుడి చెయ్యి పైకి లేచి నున్నటి గుండు మీద వెనక నుంచి ముందుకి ఒకసారి, ముందు నుంచి వెనక్కి ఒకసారి రుద్దుకుంది. చెవి పైన గాటు తగిలినట్టుంది, మొహం కాస్త చిట్లించాడు. తరవాత ఎడమ కాలు నా సిరా మరక దాటి జానెడు పక్కకి జరిగింది. బూటు చప్పుడు వినబడింది.

"ఆ, జరిగాడు," అన్నాడు డ్రిల్లు మాస్టారు, సంతకాల పుస్తకం కోసం వెళుతూ.

కూతురికి ఏడుపు మధ్యలో, ఆ గుండు రుద్దుకోవడం చూసి నవ్వొచ్చింది.

"నవ్వకే!" అని పెద్దావిడ ఆమె భుజం మీద ఒకటి వేసింది. "వాడికి సిగ్గు."

సంతకం పెట్టి మెట్లు దిగుతూ నాలుగో మెట్టు దగ్గర ఆగి అడిగింది: "ఆ డాక్టరు ఏ వారం ఖాళీ అన్నాడే?"

ఆ కన్ను దక్కింది. గొట్టం అలాగే ఉంది గానీ ఇంకా సన్నబడలేదు. ఇప్పుడు గురువారాలు వచ్చి బల్ల చివర కూర్చుని, కొత్తగా వచ్చినవాళ్ళకి అద్దం ఎంత దూరంలో పట్టుకోవాలో చెబుతుంది. ముక్కులూ చెవులూ చూడొద్దు, మీకు ఏది చెప్పుకోడానికి కష్టంగా ఉందో అది గుర్తుచేసుకుని చూడండంటుంది. చాలామందికి అలాగే దొరుకుతున్నారు.

బేకరీ వాళ్ళకి మాత్రం నేను కబురు పెట్టలేదు. రూలు ప్రకారం మూడు రోజుల్లో పెట్టాలి. ఐదు నెలలైంది. మూడుసార్లు వెళ్ళాను. యజమాని నన్ను చూడగానే గల్లా దగ్గర్నుంచి లేచి, "మా పెదనాన్న ఎలా ఉన్నాడండీ?" అని అడుగుతాడు. "బాగున్నారండీ," అని ఒక రొట్టె కొనుక్కుని వచ్చేస్తాను. ఆ పెదనాన్న ఎవరో, ఏ ఫొటోలోనో, బహుశా తలనిండా ఒత్తుగా జుట్టుతో, మడమలు కలిపి ఇంకా నిలబడే ఉన్నాడు. నేను ఒక్క మాట చెబితే వాళ్ళు మళ్ళీ వచ్చి వెతుక్కుంటారు. ఆ మాట ఏమిటో నాకు తెలుసు. ఎనభై ఏళ్ళావిడ నా బల్ల దగ్గరే నిలబడి చెబుతుంటే విన్నాను. అయినా సరే, తప్పు నాది అని ఎదుటి మనిషి మొహం చూసి చెప్పడం నాకింకా రాలేదు.